రెండు గాజుబిళ్లలు

ఇంకా కారలేదు. డబ్బాల కింద దారంతో కట్టిన తెల్లకాగితాలు రెండూ తెల్లగానే ఉన్నాయి. ఆరోగ్యమ్మ పీట మీద నుంచి ముందుకు వంగి, మోటారు సైకిలు హ్యాండిలుకు కుడివైపున్న చిన్న డబ్బా అడుగున వేలితో రాసి, ఆ వేలు వాసన చూసుకుంది. పొద్దున గిన్నెలు తోమిన సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. ఎడమవైపు డబ్బా కిందా అలాగే రాసి చూసింది. అక్కడా లేదు. బ్రేకు నూనెకి తనదైన వాసన ఒకటుంది, ఆముదాన్ని ఇనప మూకుట్లో మాడ్చినట్టు, అందులో ఎక్కడో కాస్త తీపి. ఈ వారం రోజులుగా అది ఆమె గోళ్లలో ఉండిపోయింది. అన్నం కలుపుకుంటుంటే కూడా వచ్చేది. ఇవాళ పొద్దున కేథలిక్కు గుళ్లో పూజకి మోకరించి చేతులు జోడిస్తే అప్పుడూ వచ్చింది, దేవుడా క్షమించు అనుకుంటూనే ఇంకోసారి పీల్చింది. దేంతో చేస్తారో ఇది. మెకానిక్కు తాతబాబుని అడిగితే అతనికీ తెలీదు, అంబాసిడర్ కార్లకి పోసేదే ఇదీను అన్నాడు. మూత తీసిన సీసాని పక్కన పెట్టేస్తే చాలట, గాల్లో తేమంతా లాగేసుకుంటుందట. ఈ విశాఖపట్నం గాలిలో అయితే దానికి పండగే.

ఫ్రాన్సిస్ మధ్యాహ్నానికి వస్తానన్నాడు. పోర్టు సైరన్ ఇంకా మోగలేదు. కృపాకర్ వాళ్ల చర్చిలో ప్రసంగం పొడుగు, అయినా ఈపాటికి అయిపోయే ఉంటుంది. అయిపోయినా రాడు. ఫ్రాన్సిస్ వచ్చి బండి తీసుకుపోయేదాకా ఆ చర్చి అరుగు మీదే ఎవరితోనో మాట్లాడుతూ కూచుంటాడు. బావా బావమరిదీ ఏడాదిగా మాట్లాడుకోలేదు. ఒకే అన్నం చట్టి చుట్టూ కూచుని చేపల పులుసు పోటీపడి తిన్నవాళ్లు. ఆరోగ్యమ్మ కృపాకర్‌కి పెళ్లాం, ఫ్రాన్సిస్‌కి అక్క. ఇద్దరి మధ్యా ఈ బండి, ఈ ఇంటి వెనక, టార్పాలిన్ కింద.

రెండు డబ్బాలకీ ఆమె వైపు తిరిగి ఒక్కో గుండ్రటి కిటికీ ఉంది, పావలా బిళ్లంత. లోపల నూనె ఎంతవరకు ఉందో ఆ కిటికీలోంచి కనిపిస్తుంది. ఇప్పుడు సగానికి పైనే ఉంది, లేత తేనెరంగు. కంచరపాలెం పట్టాల మీద ఖనిజం బళ్లు పోయేటప్పుడు నేల వణుకుతుంది కదా, అప్పుడు ఆ నూనె గీత కూడా వణుకుతుంది. పొద్దున్నించి అదే చూస్తోంది. వ్యాగను వ్యాగనుకీ ఒక వణుకు. బండి పోయాక కూడా కొంచెంసేపు వణికి, అప్పుడు ఆగుతుంది. పుట్టిందగ్గర్నుంచీ ఈ పట్టాల పక్కనే ఉంటూ ఇల్లు ఇంతలా కదులుతుందని ఆమె ఇవాళే చూసింది. కదులుతుందని తెలుసు. గిన్నెలు మోగుతాయి, యేసుప్రభు పటం పక్కకి ఒరుగుతుంది. చూడటం వేరు.

నాన్న దగ్గర కూడా ఇలాంటి గాజు ఒకటి ఉండేది. ఆయన వాల్తేరు లోకో షెడ్డులో ఫైర్‌మన్. ఒకసారి ఇంజను ఆగి ఉంటే పైకెక్కించి చూపించాడు. మంట మొహాన కొట్టింది, కళ్లు మూసుకుంది. "కళ్లు మూసీకు, ఇటు సూడు" అన్నాడు నాన్న. నిలువుగా ఒక గాజుగొట్టం, అందులో నీళ్లు ఊగుతున్నాయి. ఇంత పెద్ద ఇనప ఏనుగు కడుపులో నీళ్లెంతున్నాయో ఈ గొట్టం చెప్తుందన్నాడు. నీళ్లు కనపడకపోతే? పేలిపోతాది అన్నాడు, రేపు ఆదివారం అన్నంత మామూలుగా. గాజు పగిలిపోతే ఎలా తెలుస్తుంది అని అడిగితే మాత్రం మెచ్చుకోలుగా చూశాడు. అందుకు వేరే కుళాయిలున్నాయని తిప్పి చూపించాడు. ఫ్రాన్సిస్‌కి అప్పుడు మాటలు కూడా సరిగ్గా రావు. తర్వాత వాడూ ఇంజన్ల దగ్గరికే పోయాడు, ఓడల్లో ఫిట్టరయ్యాడు. సింగపూరులో కొన్నేళ్లుండి తిరిగొచ్చేటప్పుడు సామానుతో పాటు, అక్కడెవరో కొన్నేళ్లు ఎండలో తోలి అమ్మిన ఈ జపాను బండిని దింపించుకున్నాడు. ఆడపిల్లని ఇంజన్లలోకి ఎవరు తీసుకుంటారు. ఆమె కళ్లద్దాల షాపులో చేరింది. మద్దిలపాలెం బస్సుల డిపో ఎదురుగా శ్రీరామ్మూర్తి గారి షాపులో, వెనక గదిలో కూచుని సానరాయి మీద అద్దాలని ఫ్రేముకి సరిపడా అరగదీస్తుంది. పెళ్లికి ముందూ అదే పని, ఇప్పుడూ అదే.

ఈ బండి వచ్చినప్పుడు కంచరపాలెం సగం చూడ్డానికి వచ్చింది. అందరూ ఇంజను చూశారు, సైలెన్సరు చూశారు, సీటు నొక్కి చూశారు. తాతబాబు ఒక్కడూ హ్యాండిలు దగ్గర నిలబడిపోయాడు. అతనికి గేటు దగ్గర షెడ్డుంది, బుల్లెట్లూ రాజ్‌దూత్‌లూ బాగుచేస్తాడు. ఎడమచేతి క్లచ్ పట్టుకుని నొక్కుతాడు, వదుల్తాడు, కిందికి వంగి చూస్తాడు. "దీనికి క్లచ్ వైరు లేదేటి!" అని అరిచాడు చివరికి. తీగ ఉండాల్సిన చోట లావుపాటి నల్ల రబ్బరు గొట్టం ఉంది. ఇక్కడ నొక్కితే అక్కడ కదుల్తోంది, మధ్యలో లాగేది ఏమీ లేదు. ఫ్రాన్సిస్ గర్వంగా చెప్పాడు, ముందు బ్రేకూ అంతే, క్లచ్చూ అంతే, నూనె తోస్తాదని. నూనె తోయడమేమిటి? ఆరోగ్యమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. ఆ రాత్రి ఆసుపత్రి సూదిమందు గొట్టాలు గుర్తొచ్చాయి. ఒక గొట్టంలో నీళ్లు నింపి ఇంకో గొట్టానికి తగిలిస్తే, ఇది తోస్తే అది లేవాలి. మధ్యలో గాలి ఉంటే? గాలి నలిగిపోతుంది, అది లేవదు. నీళ్లు నలగవు. ఎందుకు నలగవు? అక్కడ ఆగిపోయి నిద్రపోయింది. ఇప్పటికీ అక్కడే ఆగి ఉంది.

సరిగ్గా ఆ గాలే అడ్డం పడింది. కిందటి వేసవిలో ఫ్రాన్సిస్ కూతురి జ్ఞానస్నానం. పూజ అయ్యాక సీతమ్మధారలో వాడింట్లో భోజనాలు. ఐసు తక్కువైందని కృపాకర్ బండి తీసుకుని బయల్దేరాడు. ఫ్రాన్సిసే తాళం ఇచ్చాడు. రైల్వే గేటు దగ్గర వాలు దిగుతుంటే గేటు వేసి ఉంది, జనం నిలబడి ఉన్నారు, రిక్షాల్లో పిల్లలూ ఉన్నారు. కుడిచేత్తో బ్రేకు నొక్కితే పిడి మెత్తగా వచ్చి హ్యాండిలుకి తగిలిందట. అక్కడ ఏమీ లేనట్టు. వెనక బ్రేకు తొక్కితే చక్రం జారింది. జనం మీదికి పోకుండా పక్కనున్న కంకర గుట్టలోకి తిప్పేశాడు. బండి కుడివైపుకి పడింది, కుడిచెయ్యి దాని కింద. మణికట్టు రెండు చోట్ల విరిగింది. పోర్టులో క్రేను నడిపే చెయ్యి అది. అతుక్కుంది గాని పూర్తిగా తిరగదు. గిన్నెలో నీళ్లు వంచాలంటే మోచెయ్యి కూడా ఎత్తాలి. క్రేను దింపేసి కింద సిగ్నలు ఊపే పనిలో పెట్టారు. "పైన గదిలో కూకుంతే సముద్రవంతా అవుపడీది" అని ఒక్కసారే అన్నాడు, మళ్లీ ఆ మాటెత్తలేదు.

బ్రేకు పట్టలేదని చెప్పాడు కృపాకర్. ఫ్రాన్సిస్ నమ్మలేదు. నిన్న నాను తోలినప్పుడు పట్టిన బ్రేకు ఇవాళెందుకు పట్టదు అన్నాడు. డబ్బా పగిలి నూనె కారుతోంది కదా అంటే, పడితే పగిలింది, పగిలి పడలేదు అన్నాడు. ఆ తర్వాత అనకూడనిది అన్నాడు, ఆసుపత్రి వరండాలో, పదిమందిలో. బావ ఆ రోజు తాగున్నాడని. భోజనాల దగ్గర ఓడ స్నేహితులు సీసాలు తెచ్చిన మాట నిజం. కృపాకర్ ముట్టడు. పెళ్లికి ముందే చెప్పాడు, మా నాన్న తాగి పోయాడు, నాను ముట్టను అని. కాని మాట చర్చి దాకా పోయింది, పాస్టరు గారు ఇంటికొచ్చి మెల్లగా అడిగారు. ఆయన మెల్లగా అడగడమే కృపాకర్‌ని చంపేసింది. ఆయన వెళ్లాక కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఆరోగ్యమ్మ వైపు తిరిగి అడిగాడు.

"నువ్వు నమ్ముతన్నావా?"

"మీరు తాగలేదు. అది నాకు తెల్సు."

"బ్రేకు పట్టలేదంటే నమ్ముతన్నావా?"

నమ్ముతున్నాననేస్తే అయిపోయేది. ఏ ఆడదైనా అనేస్తుంది. కాని ఆమె నోటికి ముందుగా వచ్చింది వేరే. "సూడకుండా ఏటి సెప్పగల్ను? డబ్బా ఇప్పి సూడాల" అంది. అతను ఒక్క క్షణం ఆమెనే చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ గోడకి అటు ఏముందని ఏడాదిగా చూస్తున్నాడో. విరగ్గొట్టినోడే ఉంచుకోమను అని ఫ్రాన్సిస్ బండిని ఇక్కడే వదిలేసి ఓడెక్కాడు. దాని మొహం చూపించొద్దని కృపాకర్ టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించాడు, ఎడమచేత్తో, పళ్లతో. బట్టలు ఆరేయడానికి వెనక్కి వెళ్లినప్పుడల్లా ఆ తాళ్ల ముడులు చూసేది. విప్పితే తెలుస్తుంది. విప్పితే అతన్ని నమ్మనట్టే. తెలుసుకోవాలనుకోవడం నమ్మకపోవడమెలా అవుతుంది? వర్షాకాలం పోయింది, క్రిస్మసు పోయింది, లెంటు ఉపవాసాలు పోయాయి, ఆ ప్రశ్న ముడి మాత్రం విడలేదు.

సైరన్ మోగింది. కాగితాలు తెల్లగానే ఉన్నాయి.

పోయిన ఆదివారం ఫ్రాన్సిస్ ఓడ దిగి వచ్చాడు. కృపాకర్ డ్యూటీలో ఉన్నాడు, చూసుకునే వచ్చాడు. నిలబడే మాట్లాడాడు. "అక్కా, బండి ఎవుడికో ఇచ్చేత్తాను. వచ్చే ఆదివారం పట్టుకెల్తాను. బ్రేకు లేపోతే తోసుకునైనా ఎల్తాను." వాడు అటు వెళ్లగానే ఆమెకి ఒకటే తోచింది, బండి పోతే డబ్బా పోతుంది, డబ్బాతో పాటు ఆ రోజు కూడా పోతుంది, ఇంక ఎన్నటికీ తెలీదు. ఆ సాయంత్రం కృపాకర్ వచ్చేసరికి తాళ్లు విప్పి ఉన్నాయి, ఆమె షాపు భూతద్దం కంటికి ఇరికించుకుని హ్యాండిలు మీద వంగి ఉంది. అతను గుమ్మం మెట్టు మీద కూచున్నాడు. కాసేపటికి లేచి లోపలికి పోయి, తనే టీ పెట్టుకున్నాడు.

మొదట చూసింది రంగు. డబ్బాల కింద, ట్యాంకు మీద, రంగు బొబ్బలెక్కి ఊడిపోయింది. నూనె కారిన చోటల్లా రంగుని తినేసింది. ఇది రుజువే కదా అనుకుంది. కాదు. ఏడాదిగా టార్పాలిన్ కింద నిలబడి కూడా కారి ఉండొచ్చు. ఎప్పుడు తిన్నదో రంగు చెప్పదు. తర్వాత కుడి డబ్బా కిటికీ చూసింది. జపాను వాళ్లు దానికి గాజు పెట్టలేదు, గాజులాంటి ప్లాస్టిక్ బిళ్ల. దాన్నిండా పగుళ్లే. ఆ పగుళ్లని చూస్తుంటే ఎక్కడో చూసిన మొహంలా ఉంది. ఎక్కడ? షాపుకి రోజూ పగిలిన అద్దాలొస్తాయి. గాజువాక అవతల స్టీలు ప్లాంటు కట్టుబడి మొదలయ్యాక మరీను. ఇనప ముక్క ఎగిరి తగిలిన అద్దానికి ఒక చోట దెబ్బ ఉంటుంది, అక్కణ్నించి గీతలు నలువైపులా పోతాయి, నక్షత్రంలా. రాయి తగిలినా, కిందపడినా అంతే, దెబ్బకి ఒక మొదలుంటుంది. ఎండలో ఏళ్లు నలిగిన ప్లాస్టిక్ అద్దాలు అలా ఉండవు. బస్సు డ్రైవర్లవి, సర్వే వాళ్లవి. వాటిలో దెబ్బ ఉండదు, మొదలుండదు. ఎండిన చెరువు మట్టిలా అంతటా సన్న గీతలు, ఒకదాన్నొకటి కలుపుకుంటూ. ఈ కిటికీలో నక్షత్రం లేదు. ఎటు తిప్పి చూసినా లేదు. గీతల్లోకి నూనె ఇంకి గోధుమరంగు తేలి ఉంది.

ఇంకా కాదు అనుకుంది. ఆమెకి తన మీద తనకే అనుమానం. అలా ఉండాలని కోరుకుంటున్నావు గనక అలా కనిపిస్తోందేమో. అప్పుడు ఎడమ డబ్బా వైపు తిరిగింది. బండి కుడివైపుకి పడింది. ఎడమవైపు నేలకి తగల్లేదు, దాని మీద గీటు కూడా లేదు. కన్ను దగ్గరగా పెట్టింది. అదే. అవే సన్న గీతలు, అదే ఎండిన మట్టి, అడుగున పేరుకున్న అదే జిగట. దెబ్బే తగలని కిటికీ పగిలి ఉంది. రెండూ ఒకే ఎండలో ఒకేలా పండి పగిలాయి. పడకముందే కారుతున్నాయి రెండూ. కొన్ని రోజుల ప్రయాణమో, నెల్లాళ్ల ఎండో, కొద్దికొద్దిగా తగ్గి తగ్గి, ఆ వాలు మీద, ఆ గేటు ముందు, నూనె ఉండాల్సిన చోటికి గాలి దూరింది. భూతద్దం తీసేసరికి కంటి చుట్టూ గుండ్రంగా అచ్చు పడింది. లోపల అతను టీ గ్లాసు కడుగుతున్న చప్పుడు. పరిగెత్తుకెళ్లి చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఇతనికి చెప్తే, నాను ముందే సెప్పినాను కదా అంటాడు, అది న్యాయమే. వాడికి చెప్తే, మొగుడి పక్షం మాట్లాడుతున్నావు అంటాడు. ఇద్దరూ ఒకేసారి చూడాలి, చెప్పడం కాదు. అంతవరకు కారే బండిని వాడి చేతికివ్వకూడదు. తోసుకెళ్తానన్నవాడు సగం దారిలో ఎక్కి తోలేస్తాడు, వాడి సంగతి తెలీదా.

సోమవారం షాపులో పని అయ్యాక పవరు లేని గాజు అద్దం ఒకటి తీసి సానరాయి మీద పెట్టింది. ప్లాస్టిక్ వద్దు, ఎండకి మళ్లీ అదే కథ. నీళ్లు చుక్కచుక్కగా పడుతుంటే అద్దాన్ని తిప్పుతూ తిప్పుతూ పావలా బిళ్లంత చేస్తుంటే శ్రీరామ్మూర్తి గారు తలుపు దగ్గర నిలబడి చూశారు. "ఇంత చిన్న కన్ను ఎవరిదమ్మా?" అన్నారు. "బండిదండి" అంది. ఆయన కాస్త ఆలోచించి, "దూరపు చూపా, దగ్గరి చూపా?" అన్నారు. మొదటి బిళ్ల ఒకవైపు ఎక్కువ అరిగింది. రెండోది చిట్లింది. తర్వాతవి రెండూ కుదిరాయి. అతకడానికి రెండు ట్యూబులు కలిపే జిగురు. కాని రంగుని తినే నూనె జిగురుని తినదని ఏమిటి నమ్మకం? చిట్లిన గాజుబిళ్ల ముక్కని ఒక రేకుకి అంటించి, గట్టిపడ్డాక బ్రేకు నూనె పోసిన జాడీలో వేసి వంటింటి గట్టు మీద పెట్టింది. రోజూ గోటితో గీకి చూసేది. కృపాకర్ ఒక రాత్రి ఆ జాడీ ఎత్తి దీపానికి అడ్డంగా పెట్టి చూసి, మూత బిగించి, చీమలు పట్టకుండా నీళ్ల పళ్లెంలో పెట్టాడు. ఏమిటిది అని అడగలేదు. ఆ నూనెకి చీమలు పట్టవని ఆమె చెప్పలేదు.

జిగురు ఊడలేదు. అప్పుడు తాతబాబు వచ్చి పాత నూనె తోడేశాడు. ఆమె ప్లాస్టిక్ బిళ్లలు జాగ్రత్తగా తీసి, కుడిది ఒక పొట్లంలో, ఎడమది ఒక పొట్లంలో దాచి, అంచులు గీకి శుభ్రం చేసి, గాజుబిళ్లలు కూచోబెట్టింది. రెండు రోజులు ఆరనిచ్చారు. నిన్న సాయంత్రం కొత్త నూనె పోసి గాలి తీశారు. కింద మర దగ్గర సన్న గొట్టం తగిలించి సీసాలో ముంచాడు తాతబాబు, ఆమె పైన పిడి నొక్కింది. "నొక్కు సెల్లెమ్మా. వొదలకు. ఆఁ, ఇప్పుడొదులు." ప్రతిసారీ సీసాలో బుడగలు. ఏడాది కింద ఆ వాలు మీద పిడికిలి కింద మెత్తగా నలిగిన గాలి ఇదే కదా అనుకుంది. ఇదే గాలి కాదనుకో, అయినా. బుడగలు చిన్నవయ్యాయి, ఆగిపోయాయి, పిడి గట్టిపడింది. రాయిలా. ఆ గట్టిదనం ఆమె అరిచేతికి ఇంకా గుర్తుంది.

ఇప్పుడు కుడి కిటికీ కింద ఒక చుక్క ఉంది.

లేచి నిలబడింది. ఇందాక లేదు. ఆవగింజంత, మెరుస్తోంది. మొదటి ఆలోచన అయ్యో అని కాదు, ఎక్కణ్నించి అని. గాజు అంచునుంచా, జిగురులోంచా, పైనించా? భూతద్దం పెట్టింది. చుక్క వెనక ఒక సన్నని తడి గీత పైకి పోయి మూత కింద ఆగింది. గాజు అంచు పొడిగా ఉంది. మూత రబ్బరు మీద నిన్న పోసినప్పుడు ఒలికిన నూనె ఎండ వేడికి జారినట్టుంది. జారినట్టుంది అంటే సరిపోదు. గుడ్డతో తుడిచి, మూత మరలు ఇంకొంచెం బిగించి, మళ్లీ పీట మీద కూచుంది. ఇంకో బండి పోయింది. నూనె గీత వణికింది, ఆగింది. కిటికీ కింద పొడిగా ఉంది. ఇంకాసేపు. పొడిగానే ఉంది. చెమట ముక్కు మీదినుంచి కాగితం మీద పడింది. నీటి మరక వేరు, ఆరిపోయింది.

"కారట్లేదే!" అన్నాడు వెనకనుంచి ఫ్రాన్సిస్.

ఎప్పుడొచ్చాడో. చేతిలో అరటిపళ్లు, అక్క ఇంటికి ఖాళీ చేతుల్తో రాలేక. వంగి కిటికీ మీద వేలితో తట్టాడు. గాజు మోత మోగింది. "ఎవులు సేసినారు?"

"నానే. కూకో. ఇది సూడు ముందు." ఆమె భూతద్దం వాడి చేతిలో పెట్టి, పొట్లాలు విప్పింది. "ఇది కుడిపక్కది."

వాడు వెలుతురుకి పెట్టి చూశాడు. ఓడల్లో ఇలాంటి గాజులు రోజూ చూసేవాడే. "దెబ్బేది?" అన్నాడు తనలో తను.

"నానూ అదే ఎతికినాను. ఇప్పుడిది సూడు."

"ఇదేటి?"

"ఎడంపక్కది."

"ఎడంపక్క పళ్లేదు కదా."

"పళ్లేదు."

వాడు బిళ్లలు రెండూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకున్నాడు. మళ్లీ ఒకటి చూశాడు, మళ్లీ రెండోది. తర్వాత అరుగు మీద కూలబడ్డాడు. వాడి మెడ వెనక చెమట కాలరులోకి దిగడం ఆమెకి కనిపిస్తోంది. "నిన్న పట్టింది కదా అన్నాను" అన్నాడు. "ఆ రోజు పొద్దున నాకూ కొంచెం మెత్తగానే ఉండీది అక్కా. జపాను బండి, ఇలగే ఉంతాది కావాల అనుకున్నాను." ఈ ముక్క ఆమెకి తెలీదు. ఏ భూతద్దానికీ కనపడేది కాదు ఇది. "బావేడీ?" అన్నాడు వాడు.

కృపాకర్ సందు మలుపులో నిలబడి ఉన్నాడు. ఎంతసేపయిందో. చేతిలో బైబిలు, ఇస్త్రీ చొక్కా. ఫ్రాన్సిస్ లేచి ఎదురెళ్లి, బిళ్లలూ భూతద్దమూ అందించాడు. అతను వాటిని తీసుకోలేదు.

"నాకెందుకు. నాకు తెల్సు కదా."

"బావా, తప్పు మాట అనీసినాను. తాగినావని అనీసినాను."

"నాతో అన్నావేటి? ఎవుల్తో అన్నావో ఆళ్లతో సెప్పు."

"సెప్తాను. అందరికీ సెప్తాను. పాస్టరు గారింటికి ఇప్పుడే ఎల్దాం, రా. బండి మీద ఎల్దాం."

"నడిసి ఎల్దాం" అన్నాడు కృపాకర్. బైబిలు అరుగు మీద పెట్టి, ఆమె వైపు చూశాడు. ఏడాదిలో ఇంత తిన్నగా చూడలేదు. "వారం నుంచీ నీకు తెల్సు. సెప్పలేదు."

"ఇద్దరూ సూడాలని."

"అందులో నచ్చత్రం ఉంతే?"

నక్షత్రం. తాతబాబుకి ఎప్పుడో చెప్తుంటే విని ఉంటాడు. జాడీ పక్కన నిలబడి, మెట్టు మీద కూచుని, వారమంతా వింటూనే ఉన్నాడన్నమాట. అబద్ధం చెప్పడానికి ఇది చాలా మంచి సమయం.

"అదీ సూపించీదాన్ని" అంది.

అతని మొహంలో ఏదో కదిలింది, కోపం కాదు. తల ఊపాడు. "సూపించీదానివే" అన్నాడు మెల్లగా. ఆ తిరగని చెయ్యి మోచేతి నుంచి ఎత్తి, వెళ్తూ వెళ్తూ ఆమె భుజం మీద ఒకసారి ఉంచి తీశాడు. బావా బావమరిదీ సందులో నడిచిపోయారు, మొదట ముందొకడూ వెనకొకడూ, మలుపు దగ్గరికి వచ్చేసరికి పక్కపక్కన.

ఆరోగ్యమ్మ బండి దగ్గర ఒక్కతే మిగిలింది. కాగితాలు విప్పేసింది. ఇంక చూడాల్సింది ఏముంది? ఒకటుంది. నిలబడ్డ బండిలో పిడి గట్టిగా ఉంటే, కదిలే బండి ఆగుతుందని ఎవరు చూశారు? ఇంటి వెనక సందు రైల్వే గేటు వైపు వాలుగా ఉంది, ఎండకి జనం లేరు. చీరకుచ్చెళ్లు ఎత్తి బొడ్లో దోపి, కాలు అటు వేసి కూచుంది. ఇంత బరువా దీనికి. స్టాండు తన్నింది. బండి కదల్లేదు, గేరులో ఉంది. ఎడమ పిడి నొక్కింది. ఎక్కడో కింద, కాళ్ల మధ్య, ఏదో విడిపోయి బండి మెల్లగా ముందుకి జరిగింది. వదిలితే పట్టుకుంది. నొక్కితే జరిగింది. తీగ లేదు, ఏమీ లేదు. ఆమెకి నవ్వొచ్చింది. ఈసారి నొక్కే ఉంచింది. చక్రాలు తిరిగాయి, రెండిళ్లు దాటాయి, గాలి మొహానికి తగిలింది, బండి తనంతట తనే జోరందుకుంటోంది, కింద గేటు ఎర్రగా కనిపిస్తోంది, ఇప్పుడు కుడిచెయ్యి. బండి ముక్కు వంగి నిలిచిపోయింది. ఆమె ట్యాంకు మీదికి తూలి రెండు కాళ్లూ నేల మీద ఆన్చింది.

ఎదురింటి సన్యాసమ్మ చేతిలో చీపురుతో బయటికొచ్చి నోరు తెరుచుకుని చూస్తోంది. "ఏటే ఆరోగ్యం, ఏటి సేత్తన్నావే?"

"ఆగుతాదో లేదో సూత్తన్నాను."

"ఆగిందేటి?"

"ఆగింది. వొదినా, ఆ సీపురవతల పడీసి ఒక సెయ్యెయ్యి. పైదాకా తోద్దాం. ఇంకోసారి సూత్తాను."